గోడకు చెవులు పెట్టిన చట్టాలు

రామకథలో సీతాపరిత్యాగం మీద తెలుగునాట జరిగినంత చర్చ మరే ఘట్టం మీదా జరిగి ఉండదు. రాముడు చేసినది ధర్మమా, అధర్మమా అని హరికథా వేదికల మీద, తరగతి గదుల్లో, పండితసభల్లో తరతరాలుగా వాదించుకొంటూనే ఉన్నారు. ఆ వాదాలన్నిటిలోనూ ఒక మనిషి మాత్రం విచారణకు రాకుండానే మిగిలిపోతున్నాడు. అతడు రజకుడు. సీత పక్షం వహించేవారికి అతడు నోటిదురుసు కలవాడు. రాముని పక్షం వహించేవారికి అతడు లోకాపవాదానికి ప్రతినిధి. అతడు ఆ మాట అన్నది తన ఇంటిలో, తన భార్యతో, కోపం మీద ఉన్నప్పుడని గుర్తుచేసుకొనేవారు అరుదు.

వాల్మీకి ఉత్తరకాండలో ఈ రజకుడు లేడు. భద్రుడనే వాడు పౌరులు వీధుల్లో, అంగళ్ళలో చెప్పుకొనే మాటలను రామునికి నివేదిస్తాడు. అవి నలుగురిలో అన్న మాటలు. ఎవరు విన్నా తప్పుపట్టడానికి లేదు. భాగవత నవమస్కంధానికి వచ్చేసరికి రాముడే మారువేషంతో రాత్రివేళ తిరుగుతూ ఒక ఇంటి లోపలి మాట వింటాడు. జనం నోట నిలిచిన కథలోనైతే ఆ పని వేగులవాడు చేస్తాడు. అంగడిలోని మాట కాలక్రమాన గడప లోపలికి చేరిందన్నమాట. కథ చెప్పుకొన్న ప్రజలకు రాజ్యం చెవి ఎంతదూరం వస్తుందో తెలుసు. అందుకే కథను అక్కడిదాకా లాగారని అనిపించక మానదు. తాను విసుగులో అన్న మాట అంతఃపురం దాకా పోయిందనీ, ఒక మహారాణి అడవుల పాలైనదనీ ఆ రజకునికి ఎన్నడైనా తెలిసిందో లేదో ఎవరూ చెప్పలేదు.

రాజ్యం ఉన్నంతకాలం వేగులవాళ్ళు ఉంటారు. కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే గూఢపురుషుల నియామకానికి చోటిచ్చాడు. కపట శిష్యుడు, సన్న్యాసి వేషధారి, వర్తకుడు, భిక్షుకి, ఇట్లా ఎవరెవరిని ఏయే వేషంలో ఎక్కడెక్కడ ఉంచాలో విడమరచి చెప్పాడు. ఆయనను నిర్దయుడని నిందించేవారు గమనించని సంగతి ఒకటున్నది. వేగులవాని మాటను కౌటిల్యుడు నమ్మలేదు. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు చెప్పినది ఏకమైతేనే విశ్వసించాలన్నాడు. పదేపదే తప్పు వార్త తెచ్చేవారిని తొలగించాలన్నాడు. వినే చెవి కూడా దారి తప్పుతుందనీ, దానిమీద మరొక కన్ను ఉండాలనీ ఆయన ఎరుగును. ఈనాటి చట్టాలు అనేకం ఆ జాగ్రత్తను విడిచిపెట్టి చెవిని మాత్రం ఉంచుకొన్నవి.

ఉత్తరాల కాలంలో ఈ వ్యవహారమంతా చేతిపనిగా ఉండేది. ఇటలీ దేశభక్తుడు మాట్జినీ ప్రవాసిగా లండన్‌లో ఉండగా తనకు వచ్చే ఉత్తరాలను ఎవరో విప్పి చూస్తున్నారని అనుమానించాడు. మిత్రులతో కలిసి కవర్లలో గసగసాలు, ఇసుక రేణువులు, వెంట్రుకలు పెట్టి పంపించి చూశాడు. ఉత్తరాలు చేరేసరికి అవి మాయమైనవి. 1844లో ఈ సంగతి బ్రిటిష్ పార్లమెంటుకు ఎక్కింది. హోంమంత్రి సర్ జేమ్స్ గ్రాహం జారీచేసిన వారంటు మీదనే తపాలా కార్యాలయంలో ఆ ఉత్తరాలను విప్పుతున్నారని బయటపడినది. ఆ సమాచారం ఇటలీ ప్రభువులకు అందిందనీ, దానివల్లనే ఆ ఏడు జూలైలో బందియేరా సోదరులను కాల్చి చంపారనీ దుమారం లేచింది. కార్లైల్ వంటి రచయిత పత్రికకు ఉత్తరం వ్రాశాడు. పంచ్ పత్రిక ఆ మంత్రిని బొమ్మలు వేసి వెక్కిరించింది. చివరకు తపాలాశాఖలోని రహస్య కార్యాలయమే మూతపడినది. ఒక ప్రవాసి కవరులోని గసగసాలు ఒక సామ్రాజ్యాన్ని సిగ్గుపరచగలిగినవంటే, ఆ దేశపు ప్రజలకు ఉత్తరం మీద ఉన్న మమకారం అటువంటిది.

ఆ మమకారాన్ని బ్రిటిష్‌వారు తమ దేశంలోనే ఉంచుకొని వచ్చారు. భారతదేశంలో వారు చేసిన 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, ప్రజా అత్యవసర పరిస్థితి ఏర్పడినప్పుడు, ప్రజాభద్రత కోసం, తంతివార్తలను ఆపడానికీ చూడడానికీ ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది. 1898 నాటి తపాలా చట్టం ఉత్తరాల విషయంలోనూ అటువంటి అధికారమే ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత వచ్చిన ప్రభుత్వాలు ఈ రెండింటినీ పదిలంగా దాచుకొన్నవి. 1986లో తపాలా చట్టానికి సవరణ తెచ్చి, ఉత్తరాలను విప్పే అధికారాన్ని ఇంకా విస్తరించాలని పార్లమెంటు ఉభయసభలూ బిల్లు ఆమోదించినవి. రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం చేయలేదు, తిరస్కరించనూ లేదు. కాగితం బల్లమీదనే ఉండిపోయింది. ఆ బిల్లు ఎన్నటికీ చట్టం కాలేదు. రాష్ట్రపతి మౌనానికి ఇంత ప్రయోజనం ఉంటుందని రాజ్యాంగ పాఠం చెప్పే ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. అయితే 2023లో వచ్చిన కొత్త తపాలా చట్టంలో ఉత్తరాలను ఆపి చూసే అధికారం మళ్ళీ నిక్షేపంగా ఉన్నది. ఈసారి దుమారం లేవలేదు. ఉత్తరం వ్రాసేవారు తగ్గిపోయినందువల్ల కావచ్చు.

ఇప్పుడు ఉత్తరం టెలిఫోనులో కలిసిపోయింది. టెలిఫోను చేతిలోకి వచ్చింది. ఇక్కడ జరిగిన మార్పు సూక్ష్మమైనది; దానిని చాలామంది గమనించలేదు.

శృంగారనైషధంలో దమయంతి తన మనసులోని మాటను హంసకు చెప్పుకొన్నది. ఆ హంసను ఎవరైనా దారిలో పట్టుకొని అడగవచ్చు, బెదిరించవచ్చు. అది చెప్పకపోవచ్చు కూడా. ఉత్తరాన్ని విప్పడం, రాగితీగకు మరొక తీగ తగిలించి వినడం ఈ కోవలోనివే. ఒక మనిషి పూనుకొని, ఒక చోటికి పోయి, ఒక్కొక్కరి విషయంలో చేయవలసిన పని. శ్రమ ఉన్నది గనుక దానికి ఒక మితి ఉండేది. అట్లా కాక, పుట్టే ప్రతి హంసా కంఠంలో రాజుగారి చెవితోనే పుట్టాలని ఒక శాసనం చేస్తే ఎట్లా ఉంటుంది? అటువంటి శాసనం నిజంగానే చేశారు.

1994 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. ఎక్స్ఛేంజీలు కంప్యూటర్లుగా మారిపోతున్నవి; మాటలు అంకెలుగా మారి ప్రవహిస్తున్నవి; పాత పద్ధతిలో తీగ తగిలిస్తే ఏమీ వినబడదని పోలీసులు మొరపెట్టుకొన్నారు. అందుకని టెలిఫోను కంపెనీలు తమ యంత్రాలను, న్యాయస్థానం ఉత్తరువు రాగానే వినడానికి వీలుగా, ముందుగానే నిర్మించి ఉంచుకోవాలని ఆ చట్టం శాసించింది. పాత యంత్రాలను మార్చుకొనే ఖర్చుకు 50 కోట్ల డాలర్లు కేటాయించింది. 2005లో ఇంటర్నెట్ కనెక్షన్లకూ దానిని విస్తరించారు. యూరపు దేశాలు కూడా ఇటువంటి నిబంధనలే పెట్టుకొన్నవి. ఎక్స్ఛేంజీ యంత్రాలు చేసేవారు ప్రపంచమంతటా అమ్ముకోవాలి గనుక, వినే ఏర్పాటును యంత్రంలో భాగంగానే చేయడం ప్రారంభించారు. ఒక దేశం అడిగినదైనా అడగనిదైనా, యంత్రంతోపాటు చెవి కూడా వచ్చి చేరింది.

దాని ఫలితం మొదట బయటపడినది గ్రీసు దేశంలో. ఈ కథను కొంత వివరంగా చెప్పుకోవాలి. నిఘా మీద జరిగే వాదోపవాదాల్లో ఊహాగానాలే ఎక్కువ, ఇది ఊహ కాదు.

ఏథెన్స్‌లో వోడాఫోన్ కంపెనీ ఎరిక్సన్ తయారుచేసిన ఎక్స్ఛేంజీలను వాడేది. 2003లో వాటికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో చట్టబద్ధంగా సంభాషణలను వినడానికి అవసరమైన ఏర్పాటు ఇమిడి ఉన్నది. ఆ ఏర్పాటును నడిపించడానికీ, ఎవరి ఫోను ఎప్పుడు ఎవరు విన్నారో చిట్టా వ్రాసి ఉంచడానికీ వేరొక భాగం ఉంటుంది. దానిని కంపెనీ ఇంకా కొనలేదు. అంటే చెవి ఉన్నది, చెవికి కావలి లేదు. 2004 ఆగస్టులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభం కావడానికి ముందు ఎవరో నేర్పరులు ఆ యంత్రాలలోకి ప్రవేశించి, తమ సొంత సాఫ్ట్‌వేర్‌ను రహస్యంగా అమర్చారు. వారు కొత్తగా చెవిని నిర్మించవలసిన అవసరమే లేకపోయింది. ఉన్న చెవిని మేలుకొలిపి, విన్నదాని నకలును తమ దగ్గరున్న 14 ఫోన్లకు పంపించే ఏర్పాటు చేసుకొన్నారు. ఆ ఫోన్లు ముందుగా డబ్బు కట్టి కొన్నవి, ఎవరివో తెలియదు.

ఎవరి మాటలు విన్నారు? ప్రధానమంత్రి కరమన్లిస్, ఆయన భార్య, రక్షణ, విదేశాంగ, న్యాయశాఖల మంత్రులు, ఏథెన్స్ నగర మేయరు. మొత్తం వందమందికి పైగా. ఒక దేశపు ప్రధాని మాటలను ఆ దేశంలోనే నెలల తరబడి ఎవరో వింటున్నారు; ఆ దేశపు పోలీసులకూ తెలియదు, టెలిఫోను కంపెనీకీ తెలియదు. 2005 జనవరి 24న ఆ దొంగలు తమ సాఫ్ట్‌వేర్‌ను సవరించబోయి ఏదో పొరపాటు చేశారు. కొందరు పంపిన మెసేజీలు చేరవలసిన చోటికి చేరలేదు. ఫిర్యాదులు వచ్చినవి. కారణం వెదుకుతూ పోగా మార్చి నెలలో గుట్టు బయటపడినది. మాట్జినీకి గసగసాలు చేసిన సహాయమే గ్రీసుకు చేరని మెసేజీలు చేసినవి. తేడా ఒక్కటే: అక్కడ పన్నాగం పన్నినది బాధితుడు, ఇక్కడ దొంగ పొరపాటు చేయకపోతే ఎన్నటికీ తెలిసేది కాదు.

మార్చి 8న కంపెనీ అధిపతి ఆ దొంగ సాఫ్ట్‌వేర్‌ను తీసివేయమన్నాడు. తీసివేయగానే ఆ 14 ఫోన్లూ మూగపోయినవి. ఆచూకీ పట్టే అవకాశం పోయింది. మరునాడు ఆ కంపెనీలో నెట్‌వర్క్ రూపకల్పన చూసే 38 ఏండ్ల ఇంజనీరు తన ఇంటిలో ఉరికి వ్రేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య అన్నారు, కుటుంబం ఒప్పుకోలేదు. ఆ మరునాడు ప్రభుత్వానికి సంగతి తెలియజేశారు. ప్రజలకు తెలిసినది 2006 ఫిబ్రవరిలో. ఎక్స్ఛేంజీకి వచ్చిపోయినవారి పేర్లు వ్రాసే పుస్తకాలను మామూలు ప్రకారం అప్పటికే ధ్వంసం చేశారు. కంపెనీకి 7 కోట్ల 60 లక్షల యూరోల జరిమానా పడినది. ఇంజనీరు మరణంపై గ్రీసు జరిపిన విచారణ సరిపోలేదని యూరపు మానవహక్కుల న్యాయస్థానం 2017లో తీర్పు చెప్పింది. 

ఈ కథ విన్నవారు, ఆ చిట్టా వ్రాసే భాగం కూడా కొని ఉంటే సరిపోయేదిగదా అంటారు. సరిపోయేదో కాదో అమెరికా చూపించింది. చట్టమూ ఆ దేశానిదే, యంత్రాలూ నిపుణులూ ధనమూ ఆ దేశానివే. 2024లో చైనా ప్రభుత్వంతో సంబంధం ఉన్న చొరబాటుదారులు అమెరికాలోని పెద్ద టెలిఫోను కంపెనీల యంత్రాలలో చాలాకాలంగా మకాం వేసి ఉన్నారని బయటపడినది. ఆ ఏడు నవంబరు 13న అక్కడి దర్యాప్తు సంస్థలు అధికారికంగా చేసిన ప్రకటనలోని విషయం ఇది: అనేక కంపెనీల నుంచి కాల్ వివరాలు అపహరించారు, ప్రభుత్వంలోనూ రాజకీయాల్లోనూ ఉన్న కొందరి ఆంతరంగిక సంభాషణలు వారికి చిక్కినవి, అంతేకాక న్యాయస్థానం ఉత్తరువుల మీద పోలీసులు అడిగిన సమాచారాన్ని కూడా కొంత నకలు చేసుకొన్నారు. ఈ కడపటి మాటను ఆగి చదవాలి. అమెరికా ఏ విదేశీ గూఢచారిని అనుమానిస్తున్నదో ఆ జాబితాను అమెరికాయే కూర్చి పెడితే, పరదేశి వచ్చి తీసుకొనిపోయే వీలు కలిగిందన్నమాట.

తరువాత జరిగినది ప్రహసనంగా ఉంటుంది. సంకేతాలుగా మారి, చేరవలసినవారి దగ్గర తప్ప మధ్యలో ఎవరికీ అర్థంకాని విధంగా సందేశాలు పోయే పద్ధతి ఒకటున్నది. దానిని ఎన్‌క్రిప్షన్ అంటారు. దానివల్ల నేరస్థులు దాగిపోతున్నారని అమెరికా పోలీసు వ్యవస్థ ఏండ్ల తరబడి వాదించింది. 2016లో ఒక హంతకుని ఫోను తెరిచే సాధనం చేసి ఇమ్మని ఆపిల్ కంపెనీ మీద న్యాయస్థానానికి కూడా వెళ్ళింది. 2024 డిసెంబరులో ఆ ప్రభుత్వ అధికారులే ప్రజలను, మీ మాటలు భద్రంగా ఉండాలంటే ఆ సంకేత పద్ధతినే వాడుకోండని హెచ్చరించవలసి వచ్చింది. దొడ్డితలుపు లేని ఇంటిని తప్పుపట్టినవారే, దొంగలు పడిన తరువాత, దొడ్డితలుపు లేని ఇంటికి మారండని చెప్పారు.

ఇంత చెప్పినా, పోలీసులు ఎవరి మాటా ఎప్పుడూ వినకూడదని వాదించడం బాధ్యత తెలిసినవారి పని కాదు. 2008 నవంబరులో బొంబాయి మీద దాడి చేసినవారు హోటళ్ళలో ఉండి సరిహద్దుకు ఆవల ఉన్న తమ యజమానులతో మాట్లాడిన ఫోను సంభాషణలు పోలీసులకు చిక్కినవి. మనుషులను చంపమని అవతలివాడు తాపీగా చెబుతూ ఉండిన ఆ మాటలు తరువాత న్యాయస్థానంలో సాక్ష్యమైనవి. అటువంటి సమయంలో వినడం రాజ్యం ధర్మం. విననివాడు అపరాధి. అయితే ఈ ఉదాహరణ దేనిని సమర్థిస్తున్నదో జాగ్రత్తగా చూడాలి. తెలిసిన నేరం, కళ్ళముందున్న ఆపద, ఫలానా ఫోను. అంతే. ప్రతివాని ఫోనుకూ చెవి అమర్చి ఉంచడానికి, అమర్చిన చెవిని ఎవరు వాడుతున్నారో చెప్పనక్కరలేకపోవడానికి ఇది సమర్థన కాదు.

దాచవలసినది లేనివానికి భయమెందుకన్న మాట ఉన్నది. చాలా సభల్లో చప్పట్లు కొట్టించే మాట. దీనికి సమాధానం చెప్పినవాడు తెలుగువాడు. రాజమండ్రిలో పుట్టి, 1954లో గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి అయి, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే అతనిమీద 1941లో దోపిడి కేసు పెట్టి, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేరున చరిత్రపుట తెరిచి, రాత్రివేళల తలుపు తట్టి, నిద్రలేపి, ఇంటిలో ఉన్నాడో లేడో చూసి పోయేవారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వచ్చింది. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రి తలుపు తట్టడం మాత్రం తప్పని నలుగురు అన్నారు. దూరం నుంచి కనిపెట్టి ఉండడంలో తప్పులేదనీ, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదనీ చెప్పారు. సుబ్బారావు, షా వేరుగా నిలిచారు. కనిపెట్టబడుతున్న మనిషి కాళ్ళకు సంకెల లేకపోవచ్చు; అయినా అతడు స్వేచ్ఛగా నడవలేడు; అతని మనసుకు సంకెల పడుతుంది; గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమని సుబ్బారావు వ్రాసిన తీర్పు సారాంశం.

ఉపాధ్యాయులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. వసతిగృహంలో వార్డెను తమ ఉత్తరాలు చదువుతాడని తెలిసిన పిల్లలు ఇంటికి ఎటువంటి ఉత్తరాలు వ్రాస్తారో వారెరుగుదురు. ‘ఇక్కడ అంతా క్షేమం. భోజనం బాగున్నది.’ ఆ ఉత్తరంలో దాచవలసిన నేరమేదీ లేదు. ఉండవలసిన బిడ్డ మాత్రం లేడు. తరగతిలో ఒకరికొకరు అందించుకొనే చీటీని లాగుకొని అందరి ఎదుట పైకి చదివే అలవాటు కూడా కొందరు ఉపాధ్యాయులకు ఉన్నది. క్రమశిక్షణ అని వారి ఉద్దేశం. పిల్లవాడు నేర్చుకొనేది మరొకటి.

సుబ్బారావు ఒంటరిగా చెప్పినంత పనైన మాట 55 ఏండ్లకు దేశపు ధర్మమైంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని నిర్ణయించి, గోప్యత హక్కు లేదన్న ఖరక్ సింగ్ కేసు నాటి మాటను తోసిపుచ్చారు. ఈ నడుమనే, 1996 డిసెంబరు 18న, అంటే యాదృచ్ఛికంగా సుబ్బారావు తీర్పు తేదీనాడే, పౌరహక్కుల సంఘం వేసిన వ్యాజ్యంలో టెలిఫోను సంభాషణ గోప్యతలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. హోంశాఖ కార్యదర్శి ఉత్తరువు లేనిదే వినరాదనీ, రెండు నెలలకు మించితే మళ్ళీ ఉత్తరువు కావాలనీ, ఆరునెలలకు మించి అసలు కుదరదనీ, ఒక సమీక్షా సంఘం ఆ ఉత్తరువులను పరీక్షించాలనీ ఆదేశించింది. అంతకు ఎనిమిదేండ్ల ముందు, 1988లో, ఫోన్లు విన్న ఆరోపణల మీద కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే పదవి విడిచిన సంగతి అప్పటికి ఎవరూ మరచిపోలేదు.

1996 నాటి ఆదేశాలు మంచివే. వాటి నడక ఎట్లున్నదో 2018లో జస్టిస్ శ్రీకృష్ణ సంఘం తన నివేదికలో చెప్పింది. రెండు నెలలకొకసారి కూర్చునే సమీక్షా సంఘం ప్రతి సమావేశంలోనూ 15 వేల నుంచి 18 వేల ఉత్తరువులను పరీక్షించవలసి ఉంటుందట. ఒక్కొక్క ఉత్తరువుకు ఒక్క నిమిషం చొప్పున వెచ్చించినా 15 వేలకు 250 గంటలు కావాలి. రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటే నెలరోజుల పైమాట. ఆ సంఘంలో ఉండేవారు మంత్రివర్గ కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, టెలికం శాఖ కార్యదర్శి. వారికి వేరే పని కూడా ఉంటుంది. ఉత్తరువు ఇచ్చేది ప్రభుత్వ కార్యదర్శి. అది సరైనదో కాదో చూసేది ముగ్గురు ప్రభుత్వ కార్యదర్శులు. ఎక్కడా న్యాయమూర్తి లేడు. కౌటిల్యుడు ముగ్గురిని పెట్టింది ఒకరినొకరు ఎరుగనివారిని. ఇక్కడి ముగ్గురూ ఒకే కొలువువారు.

ఇక యంత్రాల మాట. వినే ఏర్పాటు ఉండాలనీ, దాని ఖర్చు కంపెనీయే భరించాలనీ టెలిఫోను లైసెన్సుల్లోనే షరతు ఉన్నది. దానికితోడు, కంపెనీ మనిషి ప్రమేయం లేకుండా ప్రభుత్వ సంస్థే నేరుగా వినగల కేంద్రీకృత ఏర్పాటును కూడా నెలకొల్పారు. కంపెనీ ఉద్యోగి చేతిమీదుగా పోతే రహస్యం బయటికి పొక్కుతుందన్నది దానికి చెప్పిన కారణం. కారణం సబబుగానే వినిపిస్తుంది. కాని ఆ ఉద్యోగి ఉత్తరువు కాగితాన్ని ఒకసారి చూసేవాడు. సంతకం లేకపోతే ఎందుకు లేదని అడగగల చివరి మనిషి అతడే. అతనిని తొలగించిన తరువాత అడిగేవాడు లేడు. 138 ఏండ్లు నడిచిన 1885 చట్టం స్థానంలో 2023 డిసెంబరులో కొత్త టెలికం చట్టం వచ్చింది. 2024 డిసెంబరులో దాని కింద నియమాలు వెలువడినవి. సామ్రాజ్యం నాటి చట్టాన్ని మార్చి వ్రాసే అవకాశం ఒక శతాబ్దానికొకసారి వస్తుంది. ఆ అవకాశంలో న్యాయమూర్తికి చోటు దొరకలేదు. అవే మూడు కుర్చీలు మిగిలినవి.

ఈ మాటలన్నీ ఢిల్లీకి సంబంధించినవని హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు నిశ్చింతగా ఉండే రోజులు పోయినవి. ప్రతిపక్ష నాయకులు మొదలైనవారి ఫోన్లను అక్రమంగా విన్నారనీ, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన వేళ ఆ ఆధారాలున్న హార్డ్‌డిస్కులను నాశనం చేశారనీ తెలంగాణలో ఆరోపణలు వచ్చి, 2024 మార్చిలో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఆ ఆరోపణల నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. గ్రీసులో పరాయివాడు చొరబడినాడు. ఇక్కడి ఆరోపణ ఇంటివారి మీదనే. చెవి ఒకటే.

చేయదగిన పనులు అసాధ్యమైనవేమీ కావు. అమెరికా చట్టంలో ఎన్ని లోపాలున్నా, నేరవిచారణ కోసం ఒకరి మాటలు వినాలంటే న్యాయమూర్తి ఉత్తరువు కావాలి. వినడం ముగిసిన తరువాత సాధారణంగా 90 రోజులలోగా, మీ మాటలు విన్నామని ఆ మనిషికి తెలియజేయాలి. న్యాయమూర్తి అంగీకరిస్తేనే దానిని వాయిదా వేయవచ్చు. ఏటేటా ఎన్ని ఉత్తరువులు ఇచ్చారో, వాటివల్ల ఎన్ని అరెస్టులు జరిగినవో లెక్కలు అచ్చువేసి ప్రజల ముందుంచుతారు. ఆ లెక్కలవల్ల అక్కడి పోలీసులకు చేతులు విరిగిపోలేదు. ఇక్కడ 15 వేలూ 18 వేలూ అన్న అంకెలు సమాచార హక్కు చట్టం కింద ఎవరో అర్జీ పెట్టుకొంటే తెలిసినవి. ఆ వేలమందిలో నిర్దోషులని తేలినవారు ఎందరో ఏ నివేదికలోనూ లేదు. తేలిన తరువాత వారికి ఆ సంగతి చెప్పాలన్న నియమం 1885 చట్టంలోనూ లేదు, 2024 నియమాలలోనూ లేదు.